హెల్మెట్‌లోని గొంతు

మళ్ళీ అన్నాడు, ‘ఆఁ’ అని. గాలి హోరు, ఇంజను మోత, మధ్యలో రెండు హెల్మెట్లు. ఇన్నింటిని దాటుకుని ఆ ఒక్క అక్షరం వెనక సీటు దాకా రావడం జరిగే పని కాదని ఎవరైనా వాదిస్తే వాదించుకోవచ్చు. ఆవిడ విన్నది చెవులతో కాదు, ఆయన వీపు మీద ఆనించిన అరచేతితో. ఇన్నేళ్ళుగా ఆ వీపు వెనక కూర్చున్న మనిషికి అందులో ఎక్కడ ఏ అదురు పుడుతుందో తెలుసు. ఇంజనుది ఒకలా ఉంటుంది, గతుకులది ఇంకోలా ఉంటుంది, దగ్గు వేరు, మాట వేరు. ఇది మాటే. అందులోనూ ఎవరో చెప్పినదానికి మెత్తగా ఒప్పుకునే మాట. ఇంట్లో తను పిలిస్తే ‘ఏంటి’ అంటాడు, మళ్ళీ పిలిస్తే ‘ఏంటే’ అంటాడు, ఆపైన పిలిస్తే అసలు పలకడు. ఇంత బుద్ధిగా ‘ఆఁ’ అనడం ఈయనకు ఎప్పుడు చేతనైంది? టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవికి హెడ్‌సెట్టు తగిలించుకుని ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకు కలిపి జీతం తీసుకున్న ఆవిడకు, ఈ ‘ఆఁ’ల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పై అధికారితో అనేది పొట్టిగా ఉంటుంది, తల్లితో అనేది విసుగ్గా ఉంటుంది, పెళ్ళాంతో అనేది సగంలో తెగిపోతుంది. చివర కాస్త సాగదీసి, దించకుండా వదిలేసే రకం ఒకటుంది. అలాంటివాళ్ళ లైను కలిపినప్పుడల్లా పక్క సీటు అమ్మాయిని మోచేత్తో పొడిచేది, ఇద్దరూ నోరు మూసుకుని నవ్వేవాళ్ళు. ఇప్పుడు పొడుద్దామంటే పక్కన ఎవరూ లేరు, వెనక్కి జారిపోతున్న రోడ్డు తప్ప.

ముందు పోతున్నది డాక్టరమ్మ. పళ్ళ డాక్టరు. వారమంతా జనం నోళ్ళు తెరిపించి, ఆదివారం పొద్దున్నే ఎర్ర కోటు తగిలించుకుని ఇంత లావు బండి మీద కూర్చుంటుంది. ఇప్పుడు బైకుల క్లబ్బుకు ఆమే ముందు బండి. ముందు బండి అంటే పిలుపు, హోదా, మర్యాద. అందరూ ఆ వెనక లైటు చూసుకుంటూ పోవలసిందే. ఈ క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచి ముందు బండి ఈయనది. ఈయన ముందు ఇంకొకడి పొగ కనపడితే ఊరుకునే మనిషి కాదు. లారీ అయినా సరే, బస్సయినా సరే, దాటేదాకా భుజాలు బిగుసుకుని ఉండేవి, దాటాక వదులయ్యేవి, అప్పుడు గానీ వెనకున్న తనకు ఊపిరి ఆడేది కాదు. అలాంటి మనిషి వానలు పడ్డ దగ్గర్నుంచి రెండో బండి అయ్యాడు. ఎవరో తప్పించలేదు, తనంతట తనే తప్పుకున్నాడు. ‘కుర్రాళ్ళు రావాలి కదా’ అన్నాడు. డాక్టరమ్మ కుర్రాడా? పోనీ తప్పుకున్నవాడు ఏ మధ్యలోనో, చివర్లోనో పోవచ్చు కదా. ఊహూఁ. ఆ ఎర్ర కోటు వెనకే, ఆ వెనక లైటుకు కళ్ళు అతికించుకుని, ఆమె ఎడమకు వంగితే ఎడమకు, కుడికి వంగితే కుడికి. ఈయనను ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా ఆడించలేదు. తను ఆడిద్దామని చూసింది, కుదరలేదు.

పొద్దున పెట్రోలు బంకు దగ్గర అందరూ చేరినప్పుడు ఆ డాక్టరు పిల్ల ఎదురొచ్చి “పిన్నీ, బాగున్నారా?” అంది. ఎప్పట్నుంచి పిన్ని? ఈయన బాబాయ్ ఎప్పటి నుంచి? వరసలు కలిపేస్తే అనుమానాలు వాటంతట అవే పోతాయని ఎవరు చెప్పారో ఆమెకు. అంటూనే ఈయన హెల్మెట్ పక్కన వేలుపెట్టి ఏదో నొక్కి, “వినపడుతోందా బాబాయ్?” అని మెల్లగా అడిగింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని హెల్మెట్ లోపలి నుంచి ఎందుకు అడగడం? ఈయన తల ఊపాడు. వాళ్ళిద్దరికీ మధ్య అప్పుడొక చూపు నడిచిందా లేదా అన్నది ఆవిడ సరిగ్గా పట్టుకోలేకపోయింది, హెల్మెట్ల మీద నల్ల అద్దాలు ఉన్నాయి కదా. అదీ ఈ కాలపు సౌకర్యం. బండ్ల మీద మాట్లాడుకునే ఆ చెవిలో పెట్టె తనకూ ఒకటి తెచ్చిపెట్టమని అడిగింది లోగడ. ‘నీకెందుకే, నువ్వు నా వెనకే ఉంటావుగా’ అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడు.

తర్వాత అందరినీ గుండ్రంగా నిలబెట్టి జాగ్రత్తలు చెప్పారు. ఎవరి వెనక ఎవరు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ నీళ్ళు తాగాలి. నీళ్ళు తాగడానికి కూడా ఒకరు చెప్పాలి! మోకాళ్ళకు చిప్పలు, మోచేతులకు చిప్పలు, వీపుకు తాబేలు డిప్ప, తల మీద కెమెరా. బండి కదలకముందే ఫోటోలు, కదిలాక వీడియో, చేరాక మళ్ళీ ఫోటోలు. అందరూ గడ్డం అని పిలిచే అతను ఉన్నాడు చూడండి, ఆ నీటిపైపుల దుకాణం మనిషి, ఎప్పుడూ అందరికంటే వెనక వచ్చి పడిపోయినవాళ్ళను ఏరుకునేవాడు, అతని బండికి ఉన్న పెట్టెల్లో ఒక చిన్న సంసారం పడుతుంది. అసలు చిత్రమేమిటంటే ఇప్పుడు వీళ్ళను చూసి జనం చేతులు ఊపుతారు, పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తారు. ఆ రోజుల్లో ఈయన బండి చప్పుడు వినపడితే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు.

ఆ రోజులు. హెల్మెట్ అన్న మాట ఎవరికి తెలుసు? వెల్డింగు షాపులో పెట్టుకునే నల్ల కళ్ళద్దాలు, మెడ చుట్టూ రుమాలు, భుజాల దాకా జుట్టు, నోట్లో ఎప్పుడూ ఒక స్పానరు. ఉన్నది నలుగురైదుగురు. క్లబ్బు లేదు, పేరు లేదు, అచ్చు వేసిన చొక్కాలు లేవు. లోకం దృష్టిలో రౌడీలు, అంతే. ఈయన పంపుహౌసులో ఉద్యోగస్థుడని, నెలనెలా జీతం వస్తుందని ఎంత చెప్పినా అద్దెకు గది ఇచ్చేవాళ్ళు కాదు. నాన్న అయితే కిటికీలోంచి బండిని చూసి, ‘దాని నోరే అంత ఉంటే వాడి నోరు ఎంత ఉంటుందో’ అన్నాడు. తీరా చూస్తే మనిషి నోట్లో నాలుక లేదు, ఉన్న నోరంతా బండిదే. కిక్కు కొట్టాలంటే ముందు బతిమాలాలి, తర్వాత తిట్టాలి, అది తిరగబడి పిక్క మీద కొడితే కుంటుకుంటూ మళ్ళీ మొదలుపెట్టాలి. ఈయన కుడి పిక్క మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దడం, నూనె పొగ, చేతుల నిండా నలుపు. ఆ చేతులతోనే తనకు మొదటిసారి నారింజ వలిచి పెట్టాడు, తొనల మీద నల్లటి వేలిముద్రలు పడ్డాయి, తినేసింది. అప్పుడు ఎవరి మీదా అనుమానం లేదు. ఎందుకుంటుంది, ఆ బండి మీద కూర్చోగల ఆడది ఊరు మొత్తానికి తనొక్కతే.

దారి తెలియదు అప్పుడు. ఎవరికీ తెలియదు. గొర్రెలు కాసేవాణ్ణి అడిగేవాళ్ళు, వాడు చెయ్యి చాపిన వైపు పోయేవాళ్ళు, దారి తప్పేవాళ్ళు, తప్పిన చోటే టీ తాగి అదే చూడదలుచుకున్న ఊరన్నట్టు తిరిగొచ్చేవాళ్ళు. మాట్లాడుకోవడానికి పెట్టెలు లేవు. తను భుజం మీద తడితే ఆపమని, నడుం నొక్కితే నెమ్మదని, రెండు చేతులూ వదిలేస్తే కోపం వచ్చిందని. ఈయనకు అన్నీ తెలిసేవి. రోడ్డు మీద ఒక బండి ఆగి ఉంటే దాని యజమాని శత్రువైనా సరే ఆగేవాళ్ళు, క్లచ్చు తీగ తెగిందంటే తమ దగ్గరున్నది ఇచ్చి పోయేవాళ్ళు. ఇప్పుడు ఎవరైనా ఆగితే ఫోను తీస్తారు, ఎక్కడి నుంచో ఇంకెవరో వస్తారు. పిల్లలు పుట్టాక పెద్దవాడు ట్యాంకు మీద, చిన్నది మధ్యలో నలిగిపోతూ. ఆ తర్వాత అందరూ కార్లలోకి మారిపోయిన కాలం ఒకటి వచ్చింది. స్నేహితులు ఒక్కొక్కరే బండి అమ్మేసి, బొజ్జలు పెంచి, ‘ఇంకా దాని మీదేనా’ అని ఈయనను జాలిగా చూసిన కాలం. అప్పుడు బండికి గోనె గుడ్డ కప్పాడు గానీ అమ్మలేదు. వారానికొకసారి గుడ్డ తీసి, ఎక్కడికీ పోకుండానే స్టార్టు చేసి, కాసేపు విని, ఆపి, మళ్ళీ కప్పేవాడు. అదేం పిచ్చో అని నవ్వుకునేది. ఇప్పుడు ఆ పాత బండ్లనే జనం వెతుక్కుని మరీ కొంటున్నారు, చప్పుడు తగ్గిస్తే ఊరుకోవడం లేదు. రౌడీతనం పోయి పెద్దమనిషితనం వచ్చింది. కంప్యూటరు ఉద్యోగస్థులు, డాక్టర్లు, ఆడిటర్లు. వాళ్ళందరికీ ఈయన ‘అన్న’ అయ్యాడు, ఫోటోలలో మధ్యన నిలబెట్టారు. ‘మా ఆవిడ ఎక్కనిది ఈ బండి కదలదు’ అని ప్రతి కొత్తవాడికీ చెప్పుకుని మురిసేవాడు. ఆ మాట విని తను కూడా మురిసేది, దాచుకోవడం ఎందుకు.

మరి ఇప్పుడు ఏమైంది? బండి మలుపు తిరుగుతోంది, ఒళ్ళు దానంతట అది వంగింది, మనసు మాత్రం నిటారుగా కూర్చుంది. ఒకటా రెండా, ఎన్ని చూసింది. ఈయన తన మొహంలోకి చూడటం మానేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు పక్కకు తిప్పి, తన చెవి వెనక ఎవరో నిలబడ్డట్టు అక్కడ చూస్తాడు. తప్పు చేసినవాడికి మొహం చూడటం కష్టమే. పేపరు చదవడం మానేశాడు. ఏమిటంటే ‘అన్నీ చావు వార్తలే’ అంటాడు, చావులు ఇప్పుడే కనిపెట్టినట్టు. గడ్డం గీసుకుంటే దవడ కింద ఒక ముక్క వదిలేస్తున్నాడు, మేజోళ్ళు ఒకటి నీలం, ఒకటి నలుపు వేసుకుని బయల్దేరుతున్నాడు. ఆ వయసులో ప్రేమలో పడ్డవాళ్ళకు మతి నిలవదని ఎక్స్ఛేంజీ సూపర్వైజరమ్మ చెబుతుండేది, ఆమె మొగుడి సంగతి అందరికీ తెలిసిందే. ఇవన్నీ ఒక ఎత్తు, స్నానాల గది ఒక ఎత్తు. తలుపు వేసుకుని ఫోను పట్టుకుని కూర్చుంటాడు. ఒకరోజు తలుపుకు చెవి పెట్టింది. సిగ్గు లేదా అంటే లేదు, తను చేసిన ఉద్యోగమే అది. లోపల ఆడగొంతు. చదువుకున్న గొంతు, తొణకని గొంతు, ‘రేపు ఉదయం కలుద్దాం’ అంది. ఆ గొంతులో ఒక్క తడబాటు లేదు. ఇంకొకరి మొగుడికి కలుద్దామని చెబుతుంటే కనీసం కాస్త బెదురైనా ఉండదా, అంత ధీమానా?

మళ్ళీ ‘ఆఁ’. ఈసారి వెనకే ‘చూశా’ అని కూడా. ఏం చూశాడు? కొండ రోడ్డు మొదలైంది, ఒక పక్క రాయి, ఒక పక్క ఖాళీ. చూడటానికి ఏముంది ఇక్కడ, ఎర్ర కోటు తప్ప? ఆ కోటు చక్కగా ఉంది, నడుం దగ్గర పట్టినట్టు కుట్టించుకుంది. బండి నడిపే చేతులు చూడు, ఎంత నిలకడగా ఉన్నాయో. తను నేర్చుకుంటానంది ఒకప్పుడు. ‘బరువే, నీ వల్ల కాదు, కాలు విరుగుతుంది’ అన్నాడు ఈయన. నమ్మింది. అంతకంటే బరువైన బండిని ఇప్పుడు ఈ పిల్ల చిటికెన వేలితో తిప్పుతోంది, ఈయన ఆమెను మెచ్చుకుంటున్నాడు. అదే మండుతోంది తనకు, నిజం చెప్పాలంటే. నేర్పి ఉంటే తనే ముందు బండి అయ్యేదేమో, ఈయన తన వెనక లైటు చూసుకుంటూ వచ్చేవాడేమో. ఇవాళ ఆగిన చోట అడిగేయాలి. అందరి ముందూ అడగాలా, పక్కకు పిలిచి అడగాలా? అడిగితే ఏమంటాడు? ‘నీకు పిచ్చా’ అంటాడు. అది అందరు మగవాళ్ళూ అనే మాటే. ఒకవేళ అవునంటే? ఈ సీటు మీద నుంచి దిగి ఎక్కడికి పోవాలి? పిల్లల దగ్గరకు పోయి ఏమని చెప్పాలి, మీ నాన్న బండి రెండోదైందనా?

“హలో” అన్నాడు ఆయన. ఇది వీపులోంచి కాదు, బయటికే వినపడింది. “హలో, డాక్టరమ్మా! హలో!”

ఆ పిలుపులో సరసం లేదు. ఆవిడ చెవి చప్పున దాన్ని పట్టుకుంది. లైను మధ్యలో తెగిపోయినప్పుడు ఆస్పత్రికి చేసినవాళ్ళు అలా అరుస్తారు. ఎర్ర కోటు మలుపు తిరిగి రాతి వెనక్కి పోయింది. ఆయన భుజాలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి, బండి వేగం తగ్గింది, తగ్గి ఎటు పోవాలో తెలియనట్టు రోడ్డు మధ్యకు వచ్చింది. ఎదురుగా లారీ. అది హారను కొడుతూనే ఉంది, తప్పుకోవడం లేదేమిటి ఈయన, కనపడటం లేదా అంత పెద్ద లారీ! “ఏవండీ!” అని ఎడమ భుజం పట్టి లాగింది. బండి ఎడమకు పడిపోతున్నట్టు వచ్చింది, లారీ గాలి వాళ్ళను ఒక్క తోపు తోసి పోయింది, చక్రాల కింద కంకర జారింది, పిట్టగోడ రాళ్ళు మోకాలి దాకా వచ్చి ఆగాయి. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆవిడ దిగింది. దిగిందో, పడిందో, నిలబడి మాత్రం ఉంది. వెనక వస్తున్న క్లబ్బు బండ్లు ఒక్కొక్కటే చెయ్యి ఊపుతూ దాటిపోయాయి, ఆగినవాళ్ళను చూసుకోవడం గడ్డం పని కదా.

ఆయన బండి మీదే కూర్చుని హెల్మెట్ తీశాడు. తీసి, దాని పక్కనున్న మీటను నొక్కాడు, మళ్ళీ నొక్కాడు.

“పోయింది. రాత్రి ఛార్జింగ్ పెట్టాననే అనుకున్నా. లైటు వెలిగిందో లేదో తెలిసి చావదు.”

“ఏం పోయింది?”

“గొంతు. డాక్టరమ్మ గొంతు.”

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణం పోయేంత పని జరిగి ఇంకా గుండె కుదుటపడలేదు, ఈయనకు ఆ గొంతు పోయిందని బెంగ.

“ఆమె గొంతు లేకపోతే బండి నడవదా మీకు?”

“నడవదు” అన్నాడు ఆయన. తల వంచుకుని అన్నాడు. “ఎడమ వైపు గుంత, ముందు లారీ, ఇక్కడ కంకర, ఇక్కడ మలుపు, ఇలా చెబుతూ ఉంటుంది. ఆమె చెప్పినట్టు పోతాను. నాకు మధ్యలో కనపడదే. అంచులు కనపడతాయి. మధ్యలో ఏదో మచ్చ పడ్డట్టు ఉంటుంది, ఎటు చూస్తే అటే అడ్డం వస్తుంది.”

ఆవిడ తన హెల్మెట్ కూడా తీసేసింది.

“డాక్టరుకు చూపించారా?”

“ఇద్దరికి చూపించా. పోయింది రాదట, ఉన్నదన్నా నిలుస్తుందేమో చూద్దామన్నారు. బండి ముట్టుకోవద్దన్నారు. వానలకు ముందు నుంచే ఉంది. డాక్టరమ్మ పసిగట్టింది, ఓ రోజు బంకులో బండి ఆపుతూ స్తంభానికి తగిలించా. నీకు చెప్పకపోతే తనే చెబుతానని గొడవ చేస్తోంది. ఇవాళ్టికి ఊరుకో అని బతిమాలా. అలా ఎన్ని ‘ఇవాళ’లు గడిచాయో.”

“మరి స్నానాల గదిలో మాట్లాడే ఆడది ఎవరు?”

“ఏ ఆడది?” అన్నాడు ఆయన నిజంగానే తెల్లబోయి. కాసేపటికి వెలిగింది. “అది ఫోనే, పిచ్చిదానా. వచ్చిన మెసేజీలు చదివి పెడుతుంది. బయట వింటే నువ్వు అడుగుతావని లోపల కూర్చునేవాణ్ణి.”

“నా మొహం వంక చూడటం మానేశారు మీరు.”

“మొహం వంక చూస్తే మొహం పోతుందే. నీ చెవి వైపు చూస్తేనే నువ్వు కనపడతావు.”

ఆవిడ పిట్టగోడ మీద కూలబడింది. ఇంతసేపూ కష్టపడి పేర్చుకున్నవన్నీ, మేజోళ్ళు, పేపరు, దవడ కింద వెంట్రుకలు, ఒక్కొక్కటే లేచి వేరే చోట కూర్చుంటున్నాయి. ముందు ఊరట కలిగింది. కలిగినందుకు సిగ్గేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది, అలాంటిలాంటి కోపం కాదు. కళ్ళు లేని మనిషి వెనక నెలల తరబడి కూర్చుని కొండలెక్కింది తను, ఎర్ర కోటు నడుం ఎలా కుట్టించుకుందో చూసుకుంటూ! నన్ను చంపేసేవాడు కదా ఈ మనిషి, అనుకుంది. కాదు, నాతో పాటు చచ్చిపోయేవాడు, అది మాత్రం నాకు చెప్పేవాడు కాదు. వేరే ఆడదే అయి ఉంటే ఎంత బాగుండేది. జుట్టు పట్టుకునేది, నలుగురిలో పెట్టేది, అలిగి పడుకునేది, ఏడిపించి ఏడిపించి చివరికి వెనక్కి తెచ్చుకునేది. మచ్చతో ఎవరు పోట్లాడతారు? దాన్ని ఏ జుట్టు పట్టుకోవాలి? ఏ దేవుడు ఇప్పుడు వచ్చి ఈయనకు నిజంగానే ఒక ఆడది ఉంది, కళ్ళు మాత్రం బాగున్నాయి అన్నా సరే, ఆవిడ ఒప్పుకునేది, ఆ ఎర్ర కోటుకు టీ పెట్టి ఇచ్చేది. అలా అనుకుంటుంటే ఏడుపు వచ్చింది. ఏడ్చింది కూడా.

ఆయన దిగి, బండికి స్టాండు వేసి, చెయ్యి చాపి ఆవిడ భుజం వెతుక్కున్నాడు. దొరికింది.

“గడ్డం వచ్చేలోపు ఎక్కు. మెల్లగా పోదాం. నువ్వు చెబుతూ ఉండు, నేను నడుపుతా. అసలు మొదట్నుంచీ నిన్నే అడగాల్సింది. ఎక్స్ఛేంజీ గొంతు నీది, ఆ పిల్లకంటే నువ్వే బాగా చెబుతావు. ఎవరికీ తెలియదే. ఇది కూడా పోతే ఇక నేను చేసేదేముంది, చెప్పు? కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే బండ్ల చప్పుళ్ళు వినాలా?”

ఆవిడకు ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం. ఆ చెవిలో పెట్టె ఇంకొకటి కొనుక్కుని, ఆయన తలలో తన గొంతు, గుంత అంటే గుంత, మలుపు అంటే మలుపు. ఇన్నేళ్ళూ ఆయన పోయిన చోటికి తను పోయింది, ఇప్పుడు తను చెప్పిన చోటికి ఆయన పోతాడు. చెప్పినదానికల్లా చివర సాగదీసి ‘ఆఁ’ అంటాడు, తనతోనే అంటాడు. నిదానంగా పోతే ఏమవుతుంది, ఊరి చుట్టుపక్కలే పోతే ఏమవుతుంది, తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా. ఒక కుక్క అడ్డం రాదా? ఒక బడి పిల్ల బంతి కోసం ఉరకదా? తను ‘ఆపండి’ అనేసరికి ఆ పిల్ల ఎక్కడుంటుంది? ఎక్స్ఛేంజీలో లైను కలిపేటప్పుడు కూడా ఒక క్షణం పట్టేది. ఆ క్షణం ఎంత పొడవో తనకంటే తెలిసినవాళ్ళు లేరు. లారీ గాలి ఇంకా వీపుకు తగులుతున్నట్టే ఉంది. ఆవిడ లేచి, బండికి ఉన్న తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఆయనకు ఆ చప్పుడు వినపడింది.

కింద మలుపులో బండి మోత వినిపించింది. గడ్డం. వచ్చి ఆపి, హెల్మెట్ తీయకుండానే గాభరాగా అడిగాడు. “ఏమైందన్నా? బండి ఆగిపోయిందా? పడ్డారా ఏంటి?”

గడ్డం చూపులు బండి మీద నుంచి ఆయన మీదికి, ఆయన మీద నుంచి కంకరలో చక్రం గీసిన గాడి మీదికి తిరుగుతున్నాయి. ఆ గాడి రోడ్డు మధ్య నుంచి పిట్టగోడ దాకా అడ్డదిడ్డంగా ఉంది. చూసే కళ్ళున్న ఎవరైనా దాన్ని చదివేయగలరు. ఇంకొక క్షణం ఆగితే అడుగుతాడు, అడిగితే ఆయన చెప్పలేడు, సాయంత్రానికల్లా క్లబ్బు మొత్తం జాలిపడుతుంది. ఆ జాలి సంగతి ఆవిడకు తెలుసు.

“బండికేం కాలేదు” అంది ఆవిడ. “నాకే నడుం పట్టేసింది నాయనా. ప్రాణం పోయినట్టయింది. కుదిపేసి ఆపించాను, అందుకే బండి అలా జారింది. చాలా రోజుల నుంచి ఉంది, ఈయనకు చెప్పలేదు. ఇక నా వల్ల కాదు. నేనిక బండి ఎక్కను.”

“అయ్యో వదినా, అదేం మాట. డాక్టరుకు చూపించుకుంటే...”

“చూపించుకున్నా. ఎక్కొద్దన్నారు. నేను ఎక్కనిది ఈయన నడపరు, మీ అందరికీ తెలిసిందేగా. ఇక మా ఇద్దరికీ ఇదే ఆఖరు. ఈ తాళం ఉంచు, ముందున్న వాళ్ళలో ఇద్దర్ని వెనక్కి రమ్మను, ఎవరో ఒకరు బండి ఇంటికి చేరుస్తారు. మాకో కారు పిలువు.”

గడ్డం తాళం తీసుకుని ఆయన వైపు చూశాడు. ఆవిడ కూడా చూసింది. ఇంత పచ్చి అబద్ధం ఒక్క తడబాటు లేకుండా తన నోట్లోంచి వచ్చిందంటే తనకే ఆశ్చర్యంగా ఉంది. ఆయన కాదంటే ఏమీ చేయలేదు, కాదనడానికి ఆయనకు అన్ని హక్కులూ ఉన్నాయి. ఆయన ట్యాంకు మీద చెయ్యి పెట్టాడు, ఇంకా వేడిగా ఉన్నట్టుంది, తీసేశాడు.

“చెబితే వింటుందా ఈవిడ?” అన్నాడు. గొంతు మొదట బొంగురుగా వచ్చింది, పోనుపోను పాత గొంతు అయింది. “బెల్టు పెట్టుకోవే అన్నా, మందు రాసుకోవే అన్నా. అన్నింటికీ మొండితనం. చూడు, ఇప్పుడు నా బండి కూడా మాన్పించింది. లేకపోతే ఇంకో పదేళ్ళు నడిపేవాణ్ణి. నాకేం తక్కువ?”

“నీకేం తక్కువన్నా” అన్నాడు గడ్డం మనస్ఫూర్తిగా. “ఇప్పటికీ మలుపుల్లో నీ అంత లైను పట్టేవాడు మాలో ఒక్కడు లేడు.”

“అదే చెప్పు ఈవిడకి.”

గడ్డం ఆవిడ వైపు తిరిగి, ఇంత మంచి రైడరును ఇంట్లో కూర్చోబెడుతున్నావే వదినా అన్నట్టు కాస్త నిష్ఠూరంగా చూశాడు. ఆవిడ రెండు చేతులతో నడుం పట్టుకుని నిలబడింది.